ఇంకా ముప్పై

అలిపిరి లగేజి కౌంటర్లో సాయంత్రం డ్యూటీ మా ఇద్దరిది.
మూటలకు చీటీ కట్టేది నేను,
లారీకెత్తే ముందు ముడి లాగి చూసేది దొరసామి.
ఆయన వేసిన ముడి విప్పలేక
కొండపైన జనం మమ్మల్ని తిట్టుకుంటారని వినికిడి.
"మంచులో చేతులకు తెలివుండదు మేయ్,
ముడికే ఉండాల."

పూతలపట్టు మనిషి. పటాలంలో వైర్‌లెస్.
ఆయన పోయిన కొండకు పేరు లేదు,
మ్యాపులో అంకె మాత్రం ఉంది: ఏడువేల నూట ముప్పై నాలుగు.
మొదట తెల్లదొరలెవరో కంచరగాడిదలతో వచ్చి
మంచునది పగుళ్ళలో
రెండు గాడిదల్ని, ఒక వంటమనిషిని పోగొట్టుకొని
గాడిదల ఖరీదు మాత్రం రాసుకొని పోయారట.
తర్వాతి వాళ్ళు తూర్పు గట్టు మీద ఒక తాడు వదిలేశారు.
అది ఎండకు తెల్లబడి ఇంకా వేలాడుతుండగానే
ఎనభై నాలుగులో వీళ్ళు పోయారు.

దొరసామి ఎక్కలేదు.
కింద గుడారంలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని
మంచు కరగబెట్టి టీ కాచుకుంటూ
పైవాళ్ళ ఊపిరి వింటూ కూర్చున్నాడు.
"కొండ ఎట్లుంటాది మామా?"
"నాకేం తెల్సు. నేను వినిందే గానీ చూసింది తక్కువ.
నీళ్ళు పడని బోరు దుమ్ము కక్కేటప్పుడు
సప్పుడొస్తాదే, అట్లుంటాది గాలి."

పైకి పోయింది ఇద్దరు.
లెఫ్టినెంట్ బిష్త్, నాయక్ రిగ్జిన్.
పదకొండో రోజు, మధ్యాహ్నం రెండూ నలభైకి
రిగ్జిన్ గొంతు: "ఔర్ తీస్..."
ఇంకా ముప్పై.
ఆ తర్వాత బోరు సప్పుడే.

ముప్పై ఏంటివి?
అడుగులా, బారలా, నిమిషాలా?
ఎక్కేదానికి మిగిలినవా, దిగేదానికా?
సిరా గడ్డకడుతుందని పెన్సిలుతో
విన్నది విన్నట్టు రాసినాడు.
మేజరొచ్చి "ఎక్కినారని రాయరాదా,
ఇంట్లో వాళ్ళకు ఊరట" అన్నాడంట.
రాయలేదు.
అందుకే రికార్డులో ఆ కొండ
ఇంకో పదేళ్ళకు ఇంకెవరో మొదట ఎక్కిన కొండ.
ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం
దొరసామి నా మొహం చూడడు,
ఎవరిదో మూట ముడి విప్పి మళ్ళీ కడతాడు.

ఆ ఇద్దరి మూటలూ తనే కట్టి కిందికి పంపినాడు.
రిగ్జిన్ దాంట్లో
సగం అల్లిన పిల్లోడి స్వెట్టరు, సూదులతో సహా.
అల్లిక జారిపోకుండా
సూదుల కొనలకు మందుసీసాల రబ్బరు బిరడాలు గుచ్చినాడు.

కొండ నీడ కౌంటరు దాకా వచ్చే వేళకు
మెట్టు మెట్టుకూ పసుపు రాస్తూ వంగిన నడుములు.
ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళను అడుగుతారు,
"ఇంకా ఎన్నున్నాయి సామీ?"
దిగేవాళ్ళు ఒక్కరూ నిజం చెప్పరు.
గాలిగోపురమైనా కనబడని చోట
"ఇంగ కొంచెమే, వచ్చేసినట్టే" అంటారు.
దొరసామి ఆ అబద్ధాన్ని
చెవి ఒగ్గి, ఇష్టంగా వింటాడు.

మొన్న పైనుంచి ఫోను.
ఒక సంచి మూడు రోజులుగా ఎవరూ తీసుకోలేదంట.
చీటీ మీద నా రాతే.
దొరసామి చెప్పులు విడిచి బల్ల కిందికి తోసినాడు.
"లారీ ఉంది కదా మామా, లేకుంటే బస్సు."
వినలేదు. ఇన్నేళ్ళలో
కాలినడకన ఒక్కసారైనా ఎక్కని మనిషి.

చీకటి పడినాక ఫోను మోగింది.
"యాడున్నావు మామా?"
జవాబు లేదు, ఊపిరి.
మోకాళ్ళమెట్టు నిటారు ఎక్కుతున్న ఊపిరి.
వెనక ఎవరో గోవిందా అంటున్నారు.
"ఇంకా..." అన్నాడు.
సిగ్నల్ పోయింది.

ఒక చీటీ తిరగేసి
పెన్సిలు కోసం వెతికినాను.
ఏడూ పదహైదు.
ఊపిరి వినబడింది.